రేవు వాలు

మా సీమలో ఎత్తుపల్లాలు లేవు.
గట్టెక్కడం, గట్టు దిగడం, అంతే.
కాలవ పక్కన కాలవలాగే పడుకున్న రోడ్డు.
నీళ్ళకి లేని తొందర బండికెందుకని
ఇరవై ఏళ్ళూ బ్రేకుని
సగం కాలితోనే తొక్కాను.

ఎనభై ఆరు మోడల్ మెటాడోరు.
అంబాజీపేట కొబ్బరికాయ మోసి మోసి
వెనక పట్టీలు కుంగాయి.
రెండు వరదల నీళ్ళు తాగింది.

మలికిపురం దాటాక ఆశీర్వాదం షెడ్డు.
జాకీ కింద ముందు తాటిమొద్దు ముక్క వేశాడు.
"లేకపోతే బండి లేవదండి,
జాకీయే దిగుద్ది."

నట్లు ఊడాయి. డ్రమ్ము ఊడలేదు.
ఉప్పుగాలి దాన్ని హబ్బుకి అతికేసింది.
చుట్టూ తిరుగుతూ సుత్తితో కొట్టాడు,
కోపంగా కాదు,
పనసకాయ పండిందో లేదో చూసేవాడిలా
ఒక్కో దెబ్బకీ చెవి వంచి.
మోగిన చోట వదిలేసి
మోగని చోట మళ్ళీ కొట్టాడు.

వచ్చింది.
లోపలంతా నల్లటి పిండి.
ఊదబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.
"మా నాన్న ఊదేవాడండి."
ఇంకేం చెప్పలేదు,
తడిగుడ్డ అందించాడు.

రెండు షూలు.
ఒకే పెట్టెలోంచి తీసి ఒకే రోజు బిగించినవి.
వెనకదాని మీద ఇంకా నెంబరు చదవొచ్చు.
ముందుది రివిట్ల దాకా అరిగిపోయి
ఇత్తడి బొడిపెలు బయటపెట్టింది.
"ముందుదే అరుగుద్దండి, ఆయ్,
తిరిగే చక్రం దాన్నే తనలోకి లాక్కుంటాది."

డ్రమ్ము లోపల వేలు పెట్టి చూడమన్నాడు.
నూతి ఒరని చేంతాడు కోసిన గాడిలాంటి గాడి.
"లేతుకి ఇంకొక్కసారి ఆగుద్ది.
ఆ తర్వాత ఇది డ్రమ్ము కాదు, రేకు."

రెండో పక్క స్ప్రింగు మీద చెయ్యెయ్యబోతే ఆపాడు.
"అది అలా ఉండనివ్వండి.
ఇక్కడ ఏ కొక్కెం ఎటో మర్చిపోతే
వెళ్ళి అడగడానికి ఒకటుండాలి."

సిలిండరు రబ్బర్లు ఉబ్బిపోయి ఉన్నాయి,
చక్రం లోపలంతా జిడ్డు.
"ఆయిలు ఎప్పట్నుంచి కారతందండీ?"
నిన్నట్నుంచి, అన్నాను.
అతను నా మొహం చూడలేదు,
జిడ్డు మీద పేరుకున్న దుమ్ము మందం చూశాడు.

అప్పుడు చెప్పాను.

మంగళవారం సాయంత్రం, సఖినేటిపల్లి రేవు.
పంటు ఎక్కడానికి వాలు దిగుతుంటే
పెడలు నేలకంటింది,
బురదలో కాలేసినట్టు.
ముందు సైకిలు మీదొక పిల్లాడు,
హ్యాండిలుకి పాలక్యాను.
టిక్కెట్లు కోసే కొల్లాటి ఏడుకొండలు
తను కూచునే మొద్దుని
లేస్తూనే చక్రం కిందకి తన్నాడు.
నలభై కాయలు గోదాట్లోకి దొర్లి
మాకంటే ముందే అవతలి ఒడ్డుకి బయల్దేరాయి.
పిల్లాడు వెనక్కి తిరగనేలేదు.

ఆశీర్వాదం విన్నాడు.
"సువార్తా" అని కూతుర్ని పిలిచాడు.
పదో తరగతి పిల్ల, పరీక్ష పుస్తకం మూసి
నా సీట్లో కూచుంది.
అతను చక్రం కింద,
సోడాసీసాలోకి సన్నటి పైపు.

కొట్టు.
కొట్టు.
పట్టు. వదలకు.
సీసాలో బుడగలు.
ఇప్పుడు వదులు.
మళ్ళీ కొట్టు.

"గాలి నొక్కితే ఒదుగుతాదండి, ఆయిలు ఒదగదు"
అన్నాడు బండి కిందనుంచి,
"ఒదిగేది బ్రేకుకి పనికిరాదు."
పది సార్లో, పన్నెండు సార్లో.
"నాన్నా, గట్టిపడింది" అంది సువార్త.
దిగేముందు తనంతట తనే
ఇంకోసారి తొక్కి చూసుకుంది.

పొద్దుగూకేవేళ ఖాళీ బండితో రేవుకెళ్ళాను.
పంటు ఇంకా నది మధ్యలో ఉంది.
వాలు మొదట్లోనే
పాదం మొత్తం పెట్టి తొక్కాను.
కీచుమంది,
కొత్త లైనరు కాలిన వాసన.
మొద్దుకి నాలుగు బారల ఇవతల
బండి ఆగింది.

ఏడుకొండలు
ఇంకా కూచోలేదు.